బీకరులో విరగని బిళ్ళ

ఎం.ఫార్మసీ వైవాలకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళే నాకు పదేపదే ఎదురయ్యే నొప్పి మందు డైక్లోఫెనాక్. పిల్లలు థీసిస్‌కు దాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. రక్తంలో చేరిన డైక్లోఫెనాక్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అందుకే మామూలు 50 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకు రెండు మూడుసార్లు వేసుకోవాలి. నిదానంగా వదిలే 100 మిల్లీగ్రాముల ఎస్‌ఆర్ బిళ్ళ అయితే ఒకటి చాలు.

దాన్ని పరీక్షించేది 37 డిగ్రీల వెచ్చదనంలో, బీకరులోని 900 మిల్లీలీటర్ల ద్రావణంలో. నిండు బిళ్ళ వేసి, గంట గంటకూ ఎంత కరిగిందో గ్రాఫు గీస్తారు. గ్రాఫు అందంగానే వస్తుంది. కానీ మా పెద్దమ్మ గ్రాఫు చూసి మందు వేసుకోదు. "ఇంత బిళ్ళ గొంతు దిగదురా అబ్బాయ్" అంటూ చిన్న రోట్లో నలిపి మజ్జిగలో కలుపుకుని తాగేస్తుంది. రోజంతా రావలసిన మందు ఒక్కసారే కడుపులో పడుతుంది. కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ అసలే ఈ మందుతో ఉన్న భయాలు.

అందుకే రెజిన్ మీద పనిచేసిన థీసిస్ కనిపిస్తే ముచ్చటేస్తుంది. కొలెస్టిరమిన్ అనే రెజిన్ కొలెస్ట్రాల్ తగ్గించడానికి వాడే పాత మందే. ధనావేశం ఉన్న ఆ రేణువులకు రుణావేశమున్న డైక్లోఫెనాక్ అంటుకుంటుంది. పేగుల్లోని క్లోరైడ్ వంటి అయాన్లు వచ్చి చోటు అడిగితేనే, పల్లెవెలుగు బస్సులో సీటు వదిలినట్టు, వదులుతుంది. పట్టు రేణువు రేణువులోనూ ఉంది కాబట్టి బిళ్ళ విరిగినా మందంతా ఒకేసారి బయటపడదు. సిరప్‌గానూ చేయొచ్చు. అమెరికాలోని మనవాళ్ళు ఎరిగిన పన్నెండు గంటల దగ్గుమందు డెల్సిమ్ రెజిన్ మీద నడిచేదే.

అలాగని గట్టిగా పట్టేదల్లా పనికిరాదు. విషం మింగినవారికి ఇచ్చే యాక్టివేటెడ్ చార్‌కోల్ మందును పట్టిందంటే సులువుగా వదలదు. నొప్పి మాత్రకు అలాంటి పట్టు దండగ.

గైడ్లకు నా మనవి: నిండు బిళ్ళతో పాటు సగం విరిచిందీ, నలిపిందీ అదే బీకరులో వేయించండి. ఆ మూడు గ్రాఫులూ లేని ఎస్‌ఆర్ థీసిస్ నా లెక్కలో సగం పనే. ఇక మీ ఇంట్లో స్ట్రిప్ మీద ఎస్‌ఆర్ అని ఉంటే ఆ బిళ్ళను విరవకండి, నలపకండి. మింగలేకపోతే డాక్టరుగారికి చెప్పి మందు మార్పించుకోండి.