ముప్పది దినముల గడువు

ప్రధాని మరణించినను పీఠము శూన్యముగా ఉండరాదు. 1964లో నెహ్రూ, 1966లో లాల్ బహదూర్ శాస్త్రి కన్నుమూసినపుడు గుల్జారీలాల్ నందా పదమూడేసి దినములు తాత్కాలిక ప్రధానిగా ఉండి, కాంగ్రెసు పక్షము నూతన నాయకుని ఎన్నుకొనగానే తప్పుకొనిరి. బలమెవరిదన్న సందేహము నాడు పుట్టలేదు.

1984లో హైదరాబాదున జరిగినది వేరు. ఇచట నాయకుడు మరణించలేదు. ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చిరి. అయినను ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయనను తొలగించి, నాదెండ్ల భాస్కరరావుచే ప్రమాణము చేయించిరి. బలనిరూపణకు ముప్పది దినముల గడువు నొసగిరి.

బలమున్నవారికి ముప్పది దినములేల? అంతటి గడువు లెక్క తేల్చుటకు గాక, లెక్క మార్చుటకే ఉపకరించును. అందుచేతనే రామారావు పక్షము తన శాసనసభ్యులను నాచారములోని రామకృష్ణా స్టూడియోలో కాపాడుకొని, పిమ్మట కర్ణాటకకు తరలించవలసి వచ్చినది. ఆ నాచారము నేడు మేడ్చల్, శామీర్‌పేటలున్న జిల్లాలోనిదే. ప్రజలెన్నుకొన్న సభ్యులు అచట కావలి నడుమ దినములు గడపిరి. కొయ్యతో రాజసభలు కట్టు చోట నిజమైన సభ తలదాచుకొన్నది! రాష్ట్రపతి జైల్ సింగ్ ఎదుట సభ్యులను నిలిపి చూపినను, లెక్క తేలవలసిన చోటు అది కాదు గదా.

రాంలాల్ స్థానమున శంకర్ దయాళ్ శర్మ వచ్చిరి. సెప్టెంబరు 16న భాస్కరరావు ప్రభుత్వము ముగిసినది. తిరిగి ముఖ్యమంత్రియైన రామారావు నాలుగు దినములలోనే సభయందు బలము చూపిరి. ఫిరాయింపుల నిషేధ చట్టము 1985లో వచ్చినది. బలపరీక్షకు సభయే వేదిక యని సుప్రీంకోర్టు బొమ్మై తీర్పులో చెప్పుటకు 1994 వరకు పట్టినది.