మన తీరంలో చెట్టు నాటాల్సింది జూలైలో కాదు, స్వాతి కార్తెలో

పైన వీడియోలో మా చేను గట్టు మీద గుంతలు తవ్వడం చూశారు కదా. "ఇప్పుడేంది, వనమహోత్సవం అయిపోయి మూడు నెలలైంది, ఇప్పుడు చెట్లు నాటతా ఉండావు?" అని మా పక్కపొలం పెద్దాయన అడిగాడు. ఆయనకి అప్పుడు నవ్వి ఊరుకున్నాను. సమాధానం ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను, డబ్బు పోగొట్టుకున్నాను.

అగ్రికల్చర్ డిప్లొమా అయిపోయి ఊరికి వచ్చిన కొత్తలో, జూలైలో మూడు వందల మొక్కలు తెచ్చి గట్లంతా నాటించాను. తొలకరి అంటే జూన్, జూలై అని పుస్తకంలో చదివిందే నా బుర్రలో ఉంది. నాటిన వారం ఒక జల్లు పడింది, అంతే. ఆ తర్వాత పడమటి గాలి మొదలైంది. ఇసక నేల, మిట్టమధ్యాహ్నం కాలు పెడితే కాలిపోద్ది. ఆగస్టు ఆఖరికి బతికినవి నూరు కూడా లేవు. మా నాయన ఒక్క మాటే అన్నాడు: "అబ్బయా, మన వాన ఎప్పుడొస్తాదో తెలియకుండా నాటితే ఎట్టా?"

ఆయన అన్నది ఎంత సూటి మాటో తర్వాత అర్థమైంది. మన నెల్లూరు తీరానికి ఏడాదిలో సగానికి పైగా వాన అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లోనే పడుతుంది. తెలంగాణకీ, ఉత్తర కోస్తాకీ నైరుతి ఎంతో, మనకి ఈశాన్య రుతుపవనం అంత. వనమహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టారు, జూలై మొదటి వారానికి. దేశంలో ఎక్కువ ప్రాంతాలకి అది సరైన ముహూర్తమే. మనకి కాదు. మన ముహూర్తం స్వాతి, విశాఖ కార్తెలు. అక్టోబర్ 24 నుంచి నవంబర్ మూడో వారం దాకా.

ఈ కాలంలో నాటితే ఏం జరుగుతుందంటే, ఎండ తగ్గిపోతుంది, గాలిలో తేమ ఉంటుంది, ఆకు నుంచి నీళ్లు ఆవిరయ్యేది తక్కువ. నేల మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. మొక్క పైకి పెద్దగా పెరిగినట్టు కనపడదు, కానీ కింద వేరు పని చేసుకుంటా ఉంటుంది. సంక్రాంతికి వేరు పట్టుకుంటే, మే నెల ఎండకి తట్టుకునే బలం వస్తుంది. ఏడాది పొడుగునా ఆకు ఉండే చెట్లకి ఇది మరీ ముఖ్యం. ఆకు రాల్చే చెట్టు కష్టకాలంలో ఆకు దులిపేసి నిద్రపోతుంది. పొగడ, పొన్న, నేరేడు లాంటివి అట్లా చేయలేవు. రోజూ నీళ్లు కావాల్సిందే.

ఇక ఏం నాటాలి? ఇక్కడ నాకు, చాలా మంది తోటి రైతులకి గొడవ. తీరం అంటే సరుగుడు అనే అలవాటు మనది. సరుగుడుని నేను తిట్టను. దాని వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలో నత్రజనిని పట్టి ఇస్తుంది, ఉప్పుగాలిని ఆపుతుంది, నాలుగైదేళ్లలో డబ్బు చేతికొస్తుంది. కానీ అది పంట. నరికేసిన రోజు మళ్లీ ఖాళీ నేలే. గట్టు మీద, ఇంటి ముందు, రొయ్యల గుంటల అంచున మన పిల్లల కాలానికి కూడా నిలబడే పచ్చదనం వేరే కావాలి.

దానికి జవాబు మన పక్కనే ఉంది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం చుట్టూ ఉన్న అడవి, ఎండాకాలంలోనూ పచ్చగా ఉండే పొడి సతతహరిత అడవి. కోరమాండల్ తీరంలో ఉండే రకం. పాల చెట్టు, అల్లి, నేరేడు అక్కడ ఇసకలో, ఉప్పుగాలిలో ఎవరూ నీళ్లు పోయకుండా పెరుగుతున్నాయి. వేసవిలో రోడ్డు పక్కన అమ్మే పసుపు పాలపండ్లు తిన్నాం కదా, ఆ చెట్టే. దాని ఆకు దట్టం, కొయ్య గట్టి, నీడ చల్లన. నర్సరీకి పోయి "పాల మొక్క ఉందా" అని అడిగితే మన మొహం వింతగా చూస్తారు. మనం అడగకపోతే వాళ్లు ఎందుకు పెంచుతారు?

అందం కోసమే అయితే పొగడ పెట్టండి, పూల వాసన ఊరంతా వస్తుంది. ఉప్పు గాలికి పొన్న, గట్టుకి కానుగ. కానుగ కొద్దిరోజులు ఆకు రాల్చినా వెంటనే చిగురిస్తుంది. మనబోటి ప్రకృతి వ్యవసాయదారులకి ఇవి ఉత్త అలంకారం కాదు. కానుగ, వేప ఆకు దశపర్ణి కషాయానికి కావాలి. రాలిన ఆకు ఆచ్ఛాదనకి కావాలి. కషాయానికి ఆకు కోసం పక్క ఊరు పోతున్న రైతులు నాకు తెలుసు, గట్టేమో ఖాళీగా ఉంటుంది.

వద్దనేది కోనోకార్పస్. నర్సరీలో చవక, తొందరగా గోడలా పెరుగుతుంది, రిసార్టు వాళ్లకి, వెంచర్ వాళ్లకి అదే ఇష్టం. దాని వేర్లు పైపుల్లో, కాలవల్లో దూరుతున్నాయనీ, పుప్పొడి పడనివాళ్లకి ఇబ్బంది అనీ 2023లో గుజరాత్, 2025లో తమిళనాడు ప్రభుత్వాలు నాటొద్దన్నాయి. అట్లాగే ఇంటి మీదికి వాలేలా తురాయి, పచ్చ తురాయి వద్దు. పూస్తే అందమే, కానీ కొమ్మ పెళుసు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత విశాఖ రోడ్లు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1989 నవంబర్ కావలి తుఫాను చూసిన మన పెద్దలకి అసలే చెప్పక్కర్లేదు.

సరే, "నవంబర్‌లో తుఫాన్లొస్తాయి కదా, నాటిన మొక్క కొట్టుకుపోదా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2023లో నేనే దెబ్బతిన్నాను. అనూరాధ కార్తెలో, ఆలస్యంగా, పల్లపు చెక్కలో చదునుగా నాటాను. డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన దగ్గర కురిసిన వానకి ఆ చెక్కలో నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి. పొగడ మొక్కలు నలభై దాకా వేరు కుళ్లి పోయాయి. అదే వారం దిబ్బల మీద నాటినవి మాత్రం నిలబడ్డాయి. కాబట్టి తప్పు కాలానిది కాదు, నాటిన తీరుది. ఆ తీరు ఇదీ:

హస్త కార్తెలో గుంతలు తవ్వండి, అడుగున్నర లోతు, అంతే వెడల్పు. చిత్తలో ఘనజీవామృతం, పాత పశువుల ఎరువు మట్టిలో కలిపి నింపేయండి. ఇసక నేల అయితే చదునుగా, పెన్నా కింద బంకనేల అయితే అడుగెత్తు దిబ్బ కట్టి దాని మీద.

మొక్క రెండడుగులది చాలు. ఎనిమిదడుగుల మొక్క తెచ్చి పెడితే ఫొటోకి బాగుంటుంది, మొదటి గాలికి వాలిపోతుంది. సంచి చింపినాక వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే విప్పండి, మరీ మెలిపడినవి కత్తిరించండి. మన ఇసకలో బంకమట్టి ముద్ద అట్లాగే పాతిపెడితే వేరు ఆ ముద్ద దాటి బయటికి రాదు. ఏ నర్సరీ నుంచి తెచ్చినా ఈ పని తప్పదు. నాటే ముందు వేరుని బీజామృతంలో ముంచండి.

చుట్టూ సరుగుడు ఆకు గానీ, వరిగడ్డి గానీ నాలుగు వేళ్ల మందం పరచండి, కాండానికి తగలకుండా. రెండు కర్రలు పాతి పాత చీర గుడ్డతో వదులుగా కట్టండి. బిగించి కడితే కాండం బలపడదు. ఏడాదికి కట్టు తీసేయండి. మేకలకి చిల్లకంప చుట్టండి. జీవామృతం నెలకోసారి, మొక్కకి అర లీటరు పలచన చేసి. ఫిబ్రవరి నుంచి మొదటి వేసవి దాటేదాకా వారానికోసారి నీళ్లు, మొక్క పక్కన చిల్లు కుండ పాతితే పది రోజులకోసారి. కొమ్మలు నరకడం మొదటి రెండేళ్లు వద్దు. ఆకే దాని వంటగది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను చిన్న నర్సరీ నడుపుతాను, మొక్కలమ్ముతాను. జూలైలో మొక్కలు చస్తే మళ్లీ కొనేది నా దగ్గరే, ఆ లెక్కన నాకు జూలై నాటడమే లాభం. అయినా వద్దంటున్నాను. చచ్చిన మొక్క కొన్న రైతు మరుసటేడు "చెట్లు మనకి అచ్చిరావు" అనుకుని గట్టుని ఖాళీగా వదిలేస్తాడు. అది నాకూ నష్టం, ఊరికీ నష్టం.

పంచాయతీలకి, బడులకి, స్వచ్ఛంద సంస్థల వాళ్లకి నా విన్నపం ఒక్కటే. జూలైలో వనమహోత్సవం జరుపుకోండి, ఫొటోలు దిగండి, పిల్లలకి చెట్ల గురించి చెప్పండి. మొక్కలు మాత్రం నీడలో, నీళ్లు పోస్తూ అట్టిపెట్టి స్వాతి కార్తెలో నాటండి. తేదీ మార్చడానికి డబ్బు అక్కర్లేదు.

మా పక్కపొలం పెద్దాయన నిన్న మళ్లీ వచ్చాడు. రెండు పాల మొక్కలు అడిగాడు, ఇంటి ముందుకి ఒకటి, బోరు దగ్గరికి ఒకటి. డబ్బు తీసుకోలేదు. దిబ్బ కట్టి నాటాలని మాత్రం మాట తీసుకున్నాను. మీ ఊర్లో ఏ చెట్టు తుఫానుకి నిలబడిందో, ఏది పడిపోయిందో కింద రాయండి. వచ్చే వీడియోలో విత్తనం నుంచి పాల మొక్క ఎట్లా పెంచాలో చూపిస్తాను.