ఇల్లు తాకట్టు పెట్టితిమా, అమ్మితిమా?

సంక్రాంతి వెళ్లినది, ధాన్యము అమ్ముడైనది. ఇక మన సభ్యులలో పలువురు ఇండ్లు కట్టు ప్రయత్నములో నుందురు. చేతనున్న రొక్కము పునాదులకును గోడలకును సరిపోవును. కప్పు వేయునాటికి అప్పు తప్పదు. అప్పు చేయుట తప్పని మేము చెప్పము. ఎట్టి కాగితముపై సంతకము చేయుచున్నామో యెరుగక చేయుటయే మేము ఆక్షేపించునది.

గత మాసమున ఒక సభ్యుడు మా కార్యాలయమునకు వచ్చి యొక దస్తావేజును చూపెను. మూడేండ్ల క్రిందట స్లాబు వేయించుటకై ఒక వడ్డీ వ్యాపారివద్ద 3 లక్షల రూపాయలు గైకొని, సగము కట్టిన యింటిని అతనికి వ్రాసి యిచ్చెనట. బాకీ తీరగానే తిరిగి వ్రాసి యిత్తునని ఆ వ్యాపారి నలుగురిలో మాట యిచ్చెనట. ఇప్పుడు సొమ్ము పట్టుకొని పోగా, ఇల్లు తనదనియు, ఇన్నాళ్ల యద్దె కూడ రావలసి యున్నదనియు పలుకుచున్నాడు. మేము చదివిన కాగితము తనఖా కాదు, శుద్ధ క్రయ దస్తావేజు. అందు అప్పు మాటయే లేదు.

షరతుతో కూడిన విక్రయమును గూడ ఒకవిధమగు తనఖాగనే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము గుర్తించినది. కాని 1929లో జరిగిన సవరణ ననుసరించి, సొమ్ము చెల్లింపగానే ఆస్తి తిరిగి రావలెనను షరతు ఆ క్రయ దస్తావేజులోనే యుండవలెను. వేరు కాగితముపై వ్రాసికొన్న ఒడంబడికయే దానిని తనఖాగా చేయజాలదన్నచో, నోటిమాట సంగతి చెప్పనేల? కోర్టులో నిజమును నిరూపించుకొను దారి బొత్తిగా లేదనము. ఆ వ్యాజ్యమునకు పట్టు ఏండ్లను, అగు ఖర్చును తలచుకొన్న చాలును.

తనఖా యైనచో స్థితి వేరు. ఇల్లు యజమానిదే. బాకీ గడువు వచ్చిన పిమ్మట సొమ్ము చెల్లించి దానిని విడిపించుకొను హక్కును అదే చట్టము 60వ సెక్షనులో ఇచ్చినది. ఆ హక్కును హరించు షరతును దస్తావేజులో వ్రాసినను అది చెల్లదు. సామాన్య తనఖాలో ఇల్లు మన స్వాధీనముననే యుండును. భోగ్య తనఖాలో ఋణదాత స్వాధీనము పొంది, వచ్చు అద్దెను వడ్డీకో అసలుకో జమ కట్టుకొనును. బ్యాంకులు తరచుగా హక్కు పత్రములను తమవద్ద నుంచుకొని అప్పిచ్చును. ఇదియు తనఖాయే. ఈ పత్రముల తనఖా దక్క, అసలు 100 రూపాయలును ఆపైనైన సామాన్య తనఖాకు రిజిస్ట్రేషనును, ఇద్దరు సాక్షుల సంతకములును తప్పవు.

బ్యాంకు తనఖాలో ప్రమాదమే లేదని మా భావము కాదు. వ్యవసాయ భూమికి 2002 నాటి సర్ఫేసీ చట్టమునుండి మినహాయింపు కలదు గనుక, ఇంటికిని అదే రక్ష యని కొందరు భ్రమపడుచున్నారు. ఇంటికి ఆ రక్ష లేదు. వాయిదాలు నిలిచి, అప్పు మొండిబాకీగా లెక్క కెక్కినచో, 60 దినముల నోటీసు పిమ్మట కోర్టు డిక్రీ లేకయే బ్యాంకు ఇంటిని స్వాధీనపరచుకొన వచ్చును. సహకార బ్యాంకులకును ఈ యధికారము కలదని సుప్రీం కోర్టు 2020లో తీర్పు చెప్పినది. మన బ్యాంకే గదా యని ఉపేక్ష పనికిరాదు.

వాయిదా లెక్కను గూడ చూడుడు. 10 లక్షల రూపాయలకు సాలుకు నూటికి 9 వంతున 20 ఏండ్ల గడువైనచో, నెలకు సుమారు 8,997 రూపాయలు కట్టవలెను. మొదటి వాయిదాలో 7,500 రూపాయలు వడ్డీకే పోవును! గడువు 15 ఏండ్లే యైనచో నెలకు సుమారు 1,145 రూపాయలు హెచ్చు పడును గాని, మొత్తముమీద 3 లక్షల 33 వేలు మిగులును. నెలజీతము లేని రైతునకు ఆ హెచ్చు భారమే. అట్టివారు పంట సొమ్ము అందిన నాడు కొంత అసలులో కట్టుట మేలు. మారు వడ్డీపై వ్యక్తులు తీసికొన్న గృహ ఋణములలో ఇట్టి ముందు చెల్లింపునకు బ్యాంకులు రుసుము గైకొనరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించినది. బాకీ పూర్తిగా తీరిన 30 దినములలో అసలు పత్రములను తిరిగి యీయవలెననియు, తమ వలన జాప్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహార మీయవలెననియు 2023లో మరియొక ఉత్తరువు చేసినది.

ఇంత చెప్పి సభ్యులనే నిందించుట న్యాయము కాదు. మన సంఘములలో ఋణపు దరఖాస్తు వారముల తరబడి బల్లపై పడి యుండును. వడ్డీ వ్యాపారి సాయంకాలమునకే రొక్క మెంచి యిచ్చును. స్లాబునకు ఇనుము దించుకొని, మేస్త్రీని కూర్చుండబెట్టుకొన్నవాడు ఎంతకాలము వేచి యుండగలడు? దరఖాస్తుకు పదునైదు దినములలో అవుననియో కాదనియో వ్రాతమూలమున బదులు చెప్పుట పాలకవర్గపు విధి యని మా అభిప్రాయము. తనఖా దస్తావేజు నమూనా నొకదానిని తేట తెలుగున వ్రాయించి కార్యాలయపు గోడకు తగిలించుట కంత ఖర్చును కాదు.

పైని చెప్పిన సభ్యుని దస్తావేజును న్యాయవాదికి పంపితిమి. పదునైదు దినముల గడువు సంగతిని రానున్న సర్వసభ్య సమావేశమున తీర్మాన రూపమున ప్రతిపాదింప నున్నాము.