రోములో నాణెం, ఫ్లోరెన్సులో వేలు

ఫిబ్రవరి 17 దగ్గరపడిందంటే మా సంఘం సమావేశంలో బ్రూనో పేరు రాక తప్పదు. ఈ ఏడాది కూడా ఒక యువ మిత్రుడు లేచి, సైన్సు కోసం సజీవ దహనమైన మొదటి శాస్త్రవేత్త అని ఆవేశంగా మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. నేను చిన్న సవరణ ఒకటి చెప్పబోతే, "ఇప్పుడెందుకండీ, తర్వాత చూద్దాం" అన్నారు అధ్యక్షులు. ఆ తర్వాత అనేది రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మధ్యలో కాస్త యాత్రా పురాణం కూడా కలుస్తుంది, ఓపిక పట్టండి.

2018 మే నెలలో నేనూ మా ఆవిడా ఒక టూరు కంపెనీ వాళ్లతో యూరప్ వెళ్లాం. పన్నెండు రోజులు, ఏడు దేశాలు. నలభై మందిమి. అందరూ చదువుకున్నవాళ్లే. రిటైరైన ఇంజనీర్లు, బ్యాంకు ఆఫీసర్లు, ఒక ఫిజిక్సు లెక్చరరు గారు. రోముకి కేటాయించింది ఒకటిన్నర రోజు. అందులో వాటికన్‌కి సగం పూట, కొలోసియం బయట ఫొటోలకి ఇరవై నిమిషాలు, రాత్రికి ఇండియన్ రెస్టారెంటులో పప్పూ ఆలూ గోబీ. రోముకి వెళ్లి ఆలూ గోబీ తినడానికా లక్షలు పోసింది అనుకున్నాను గానీ, బస్సులో ఆ మాట అంటే నేనొక్కణ్ణే అయ్యేవాణ్ణి.

ట్రెవీ ఫౌంటెన్ దగ్గర మాత్రం నలభై నిమిషాలిచ్చారు. అక్కడ నీళ్లకి వీపు పెట్టి నిలబడి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వెనక్కి విసరాలి. అలా చేస్తే మళ్లీ రోము చూసే యోగం కలుగుతుందట. గైడు చెప్పడమే ఆలస్యం, మావాళ్లంతా వరసలో నిలబడ్డారు. లెక్చరరు గారు మొదటివారు. ఇదేదో రోమన్ చక్రవర్తుల కాలంనాటి ఆచారం అనుకునేరు. ఈ ఫౌంటెన్ పూర్తయిందే 1762లో. నాణేల సంగతి ప్రపంచమంతా పాకింది 1954లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాతో.

అక్కౌంట్సు వాడిని కనక నా బుర్ర డబ్బు వెంట పోతుంది. ఆ నాణేలు వృథా కావు. క్రమం తప్పకుండా ఊడ్చి తీసి లెక్కపెడతారు. ఒక్క 2016లోనే పది లక్షల యూరోల పైచిలుకు వచ్చింది. అది కారితాస్ అనే కాథలిక్ సేవా సంస్థకి వెళ్తుంది, దాంతో పేదలకి భోజనాలు పెడతారు. 2019 జనవరిలో నగరపాలక సంస్థ ఈ డబ్బు తనకే కావాలన్నట్టు కదిపితే పెద్ద గొడవైంది. చివరికి మేయరు వెనక్కి తగ్గి, పాత పద్ధతే సాగుతుందన్నారు. లెక్క సరిగ్గా ఉంది, ఆడిట్ అభ్యంతరం ఏమీ లేదు. హుండీ హుండీయే.

మా ఆవిడ కూడా ఒక యూరో వేసింది. అప్పటి రేటులో ఎనభై రూపాయలు. నేను ఊరుకోవచ్చు కదా! హోటలు దాకా ఉపన్యాసం ఇచ్చాను. నీళ్లకి కోరికలు తీర్చే శక్తి ఉంటే మూసీ ఎప్పుడో మనల్ని బాగుచేసేదన్నాను. తను కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మర్నాడు బస్సు పదింటికి. మేమిద్దరం ఆరున్నరకే టాక్సీ పట్టుకుని కాంపో దె ఫియోరి వెళ్లాం. అంటే పూల మైదానం. ట్రెవీ నుంచి నడిచినా అరగంట పట్టదు, కానీ మా కార్యక్రమంలో లేదు. 1869 నుంచి అక్కడ కూరగాయల సంత. ఆదివారం తప్ప రోజూ పొద్దున పెడతారు. ఆర్టిచోక్ అనే మొగ్గల్ని కత్తితో గిర్రున తిప్పి చెక్కేస్తున్నారు, గుమ్మడిపూల లాంటి పూలు కట్టలుగా అమ్ముతున్నారు. మా ఆవిడ ముఖం అక్కడ విప్పారింది, వాటికన్‌లో కాదు. వాటిని అక్కడివాళ్లు పిండిలో ముంచి వేయించుకు తింటారు. మూలనున్న బేకరీలో వేడి రొట్టె కొనుక్కుని, పక్క బారులో నిలబడి కాఫీ తాగాం. ఇటలీలో నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర, రెండూ పట్టికలో రాసి పెడతారు. ఈ నిజాయితీ నాకు నచ్చింది.

ఆ సంత నడుమ, తలమీద ముసుగుతో, చేతులు పుస్తకం మీద వేసుకుని నల్లటి కంచు విగ్రహం. జోర్డానో బ్రూనో. 1600 ఫిబ్రవరి 17న సరిగ్గా ఆ మైదానంలో అతన్ని కాల్చారు. ఎత్తోరె ఫెర్రారి చేసిన విగ్రహాన్ని 1889లో నిలబెట్టారు, అప్పటి పోపు అభ్యంతరాన్ని లెక్కచేయకుండా. పీఠం చుట్టూ మరికొందరు "మతద్రోహుల" ముఖాలున్నాయి. వాళ్లలో సెర్వెటస్‌ని 1553లో తగలబెట్టింది కాథలిక్కులు కాదు, జెనీవాలోని ప్రొటెస్టెంట్లు. ఇది గుర్తుంచుకోవాలి.

ఇక నా సవరణ. బ్రూనో మనమనుకునే అర్థంలో శాస్త్రవేత్త కాదు. ప్రయోగాలు చేయలేదు, దూరదర్శిని చూడలేదు. నక్షత్రాలన్నీ సూర్యుళ్లేనని, లోకాలు అనంతమని అన్నాడు, నిజమే. కానీ మంత్రవిద్య మీద కూడా పుస్తకాలు రాశాడు. అతని మీద మోపిన నేరాల్లో ఎక్కువ భాగం త్రిత్వం, క్రీస్తు దైవత్వం వంటి మత విషయాలు. ఎనిమిదేళ్లు చెరలో పెట్టినా మాట వెనక్కి తీసుకోలేదు. ఇది చాలదా? తప్పుడు నమ్మకాలున్న మనిషిని కూడా నమ్మకం కోసం కాల్చకూడదు. మన వాదన బలం అక్కడుంది. అతణ్ణి శాస్త్రవేత్తగా అలంకరిస్తే మనమూ స్థలపురాణం రాస్తున్నట్టే.

ఈ బుద్ధి నాకు రోములోనే వచ్చిందని చెప్పుకోవాలనుంది గానీ, అది నిజం కాదు. రెండ్రోజుల తర్వాత ఫ్లోరెన్సులో వచ్చింది.

అక్కడ బజారులో ఒక కంచు అడవిపంది ఉంది. దాని ముక్కు నిమిరితే మళ్లీ ఫ్లోరెన్సు వస్తారట. ముక్కు బంగారంలా మెరిసిపోతోంది. అసలు విగ్రహం మ్యూజియంలో భద్రంగా ఉంది, జనం నిమిరేది నకలుని. మావాళ్లు అక్కడ వరస కట్టగానే నేను మా ఆవిణ్ణి లాక్కుని ఆర్నో నది ఒడ్డునున్న గెలీలియో మ్యూజియంకి పోయాను. అతని రెండు దూరదర్శినులు అక్కడున్నాయి. గురుగ్రహపు ఉపగ్రహాల్ని చూపించిన కటకం, పగిలినదే, దంతపు చట్రంలో ఉంది. దాని ముందు నాకు గొంతు పూడుకుపోయింది.

ఇంకో గాజు పాత్రలో గెలీలియో కుడిచేతి మధ్యవేలు ఉంది. 1642లో చనిపోయినప్పుడు ఘనంగా సమాధి చేయనివ్వలేదు. 1737లో శరీరాన్ని శాంటా క్రోచే చర్చిలోని కొత్త సమాధికి మార్చేటప్పుడు అభిమానులు వేళ్లు తీసుకున్నారు. ఎండి నల్లబడిన వేలు, పాలరాతి పీఠం, పైన గాజు. చర్చిల్లో సెయింట్ల ఎముకలు ఎలా పెడతారో అచ్చం అలాగే. నేను చెప్పులు విప్పలేదన్న మాటే గానీ, చేతులు ముందు కట్టుకుని నిలబడ్డానని మా ఆవిడ తర్వాత చెప్పింది.

"ఏవండీ, నా నాణెం ఒక్క యూరోనే," అంది. "ఇక్కడ టిక్కెట్టు ఎంత?"

కటకం వేరు, వేలు వేరు అని చెప్పాను. కటకంలోంచి చూస్తే ఎవరికైనా అదే కనపడుతుంది, వేలు ఏమీ రుజువు చేయదు అని కూడా చెప్పాను. "మరి వేలు దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారేం?" అంది.

తిరిగొచ్చాక సంఘంలో ఫొటోలు చూపించాను. బ్రూనోకి చప్పట్లు కొట్టారు, కటకానికీ కొట్టారు. వేలు ఫొటో చూపించలేదు.