యంత్రం చెప్పిందే వేదమా?

నారాయణఖేడ్ నుంచి సంగారెడ్డి వైపు రాత్రిపూట బండి మీద వెళ్తుంటే పోలీసులు ఆపి 'ఊదు' అంటారు. గొట్టంలోకి ఊదగానే తెర మీద ఓ అంకె కనిపిస్తుంది. అది 30 దాటితే కేసే!

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే మొదటిసారి ఆరునెలల దాకా జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ.

చట్టం అడిగేది రక్తంలోని లెక్క. యంత్రం చూసేది ఊపిరిని. 2100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఎంత ఆల్కహాల్ ఉందో, ఒక మిల్లీలీటరు రక్తంలోనూ అంతే ఉంటుందన్నది దాని అంచనా. ఈ నిష్పత్తి అందరికీ ఒకేలా ఉండదు. అప్పుడే వాడిన మౌత్‌వాష్, కొన్ని మందులు నోట్లో మిగిలినా అంకె పెరుగుతుంది. యంత్రాన్ని ఎప్పటికప్పుడు సరిచూడకపోయినా అంతే.

2025 జులైలో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో పనసతొనలు తిన్న డ్రైవర్లను యంత్రం 'తాగారు' అనేసింది! మన దగ్గర మధిర డిపో డ్రైవరుకు ఇలాంటి పరీక్షతోనే ఉద్యోగం పోయింది. రక్త, మూత్ర పరీక్షలు చేయకుండా ఈ రీడింగ్ ఒక్కదాన్నే నమ్మి తొలగించడం చెల్లదని 2025లో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది.

అలాగని రోడ్డు మీద కేసు దానంతటదే వీగిపోదు. 185వ సెక్షన్ శ్వాస పరీక్షను సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. కాబట్టి తాగనివాళ్లు అక్కడికక్కడే జాగ్రత్తపడాలి. ఊదేముందు తెర మీద సున్నా ఉందో లేదో చూడాలి. కొత్త గొట్టం అడగాలి. అంకె తేడాగా వస్తే పావుగంట ఆగి మళ్లీ ఊదుతానని చెప్పాలి. టైముతో ఉన్న ప్రింటు తీసుకోవాలి. అరెస్టయితే స్టేషన్‌లో డాక్టరు ద్వారా రక్త నమూనా తీయించవచ్చని 204వ సెక్షన్ చెబుతోంది. అది వెంటనే జరగాలి. గంటలు గడిస్తే రక్తంలో లెక్క మారిపోతుంది.

ఊదనని మొరాయించడం మాత్రం తప్పు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే అదే ఎదురు సాక్ష్యమవుతుందని 205వ సెక్షన్ హెచ్చరిస్తోంది.

ఇవన్నీ తాగనివాళ్ల కోసం. తాగినవాళ్లకు చెప్పేది ఒక్కటే... బండి తాళాలు ఇంకొకరి చేతికివ్వండి!