సముద్రతీరము బంజరుభూమియా?

పరుల సొమ్మును కాజేయదలచినవాడు మొట్టమొదట దాని పేరు మార్చును. పొలము కావలసినచో దానిని బీడనును. చెఱువు కావలసినచో దానిని పల్లమనును. సముద్రతీరము కావలసినచో దానిని బంజరనును. పేరు మాఱిన పిమ్మట తక్కినపనిని కాగితములే చేసిపెట్టును. మన ఉత్తరాంధ్రతీరమున విలాస విహారశాలలును, వాని ప్రక్కను గోల్ఫు మైదానములును వెలయుటయే అభివృద్ధియని తలచువారు నేడు కలరు. వారి వాదమునకెల్ల పునాది 'బంజరు' అను ఈ యొక్కమాటయే. కావున మేము ఈ వ్యాసమున ఆ మాటనే పరీక్షింపబూనితిమి.

శ్రీకాకుళము జిల్లాకు 193 కిలోమీటర్ల తీరము కలదు. విజయనగరము జిల్లాకు గలది ముప్పది కిలోమీటర్లకు లోపే. ఆ కొలదిపాటి తీరము గల భోగాపురమునందే అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2019లో ఒకమాఱు, 2023లో మఱియొకమాఱు శంకుస్థాపన జరిగినది. 2024 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము పర్యాటకమునకు పరిశ్రమహోదా నిచ్చినది. విమానము దిగుచోట ధనికుడు దిగును, ధనికుడు దిగుచోట విడిదియు వినోదమును వలయును అనునది వ్యాపారి తర్కము. పర్యాటకము చెడ్డదని మేమనము. సముద్రమును చూడవచ్చినవానికి అన్నము పెట్టి, పడుకొన చోటిచ్చి, నాలుగురూపాయలు గడించుకొనుట ఏయూరికిని అవమానము కాదు. కాని అతిథికి ఆతిథ్యమిచ్చుట వేఱు. అతిథికొఱకు ఇంటివానిని వీథిలోనికి నెట్టుట వేఱు.

తీరము బంజరనువారు తెల్లవాఱుజామున ముక్కాముననో, చింతపల్లిలోనో, కళింగపట్టణముననో, బారువలోనో ఒక్కగడియ నిలిచి చూడవలెను. పెద్దవల లాగుటకు ఇరుప్రక్కల త్రాళ్లుపట్టి పదులకొలది జనము నడువవలెను. అందులకు విశాలమైన ఇసుకనేల కావలెను. పడవలను ఒడ్డునకు లాగి నిలుపుకొనుటకు నేల కావలెను. వలలు పఱచి చిల్లులు కుట్టుకొనుటకు నేల కావలెను. నెత్తళ్లు ఎండబెట్టు స్త్రీలకు నేలయే కర్మాగారము. రైతునకు కళ్లమెట్టిదో, సాలెకు మగ్గపుగుంట యెట్టిదో, వాడబలిజకును జాలరికిని ఇసుకనేల యట్టిది. దానికి పట్టా లేదు, నిజమే. పట్టా లేకుండుట వేఱు, పని లేకుండుట వేఱు. ఒక్కనికి చెందని భూమి ఎవ్వనికిని చెందని భూమి యని చెప్పుట న్యాయము కాదు. అది ఊరందఱికిని చెందిన భూమి.

మనుష్యుల పని యటుండ, ఆ యిసుకతిన్నెలకును పని కలదు. మొగలిపొదలతో, అడవితీగలతో బిగిసియున్న తిన్నె తుపానునాడు పల్లెకు కోటగోడ. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాసప్రాంతమున తీరముదాటి ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చిన సంగతిని చదువరులు మఱచియుండరు. తిన్నె యడుగున నిలిచిన వాననీరే తీరపు నూతులకు తీపినిచ్చును. సముద్రపు తాబేళ్లు గ్రుడ్లుపెట్టుటకు వచ్చునదియు ఈ యిసుకలోనికే. రాత్రివేళ విహారశాలల దీపములు వెలిగినచో తాబేటిపిల్లలు సముద్రమునకు పోవుటకు మాఱుగా దీపములవైపు నడచి చచ్చును. ఇన్ని పనులు చేయు నేలను బంజరనుట చూడనొల్లనివాని మాట.

ఈ మాట ఎంతటి హాని చేయగలదో శ్రీకాకుళమునకు తెలిసినట్లు మఱి యే జిల్లాకును తెలియదు. సోంపేట బీలను వ్యర్థభూమిగా చిత్రించి అందు బొగ్గువిద్యుత్కేంద్రమును కట్టబూనిరి. ఆ బీల నీటినే నమ్ముకొని చేపలు పట్టువారును పైరుపెట్టువారును ఎదురునిలిచిరి. 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపిరి; ప్రాణములు పోయినవి. ఆనాడే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారసంస్థ ఆ కేంద్రమున కిచ్చిన అనుమతిని రద్దుచేసెను. అనగా అది వ్యర్థభూమి కాదని తేలుటకును, దానికొఱకు మనుష్యులు చచ్చుటకును ఒక్కటే దినము పట్టినది! మఱుసటియేట, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి విద్యుత్కేంద్రము విషయమున వడ్డితాండ్రయందు మరల కాల్పులు, మరల మరణములు. పొగగొట్టము స్థానమున పచ్చగడ్డి వచ్చినంతమాత్రమున ఆ తప్పు ఒప్పగునా?

ఆ పచ్చగడ్డి సంగతియు విచారింతము. పదునెనిమిది గుంటల గోల్ఫు మైదానమునకు నూటయిరువదియైదు మొదలు నూటయేబది ఎకరములు కావలెను. ఉష్ణదేశమున, ఇసుకనేలపై, ఆ గడ్డి వేసవియందు వాడకుండుటకు దినమునకు పదిలక్షల లీటర్ల నీరు సామాన్యపు లెక్క. ప్రభుత్వము జలజీవన ప్రణాళికలో పల్లెవానికి దినమొక్కింటికి నిర్ణయించిన నీరు 55 లీటర్లు. చదువరులే భాగించి చూచుకొనవచ్చును: ఆ గడ్డి త్రాగునది పదునెనిమిదివేలమంది భాగము. మఱి ఈ తీరమున నీరంత సమృద్ధిగా నున్నదా? ఉద్దానమున మూత్రపిండవ్యాధి యిల్లిల్లును పీడించుచున్నది. దాని కారణమును గుఱించి శాస్త్రజ్ఞులలో చర్చ యింకను ముగియలేదు. అయినను అచటి జనులకు మంచినీరైన నందవలెనని హిరమండలము జలాశయమునుండి నీరు తెచ్చు పథకమును సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించిరి. దాహముగొన్నవారికి అంతదూరమునుండి గొట్టములలో నీరు తేవలసిన తీరమున ఆటకై నీరుచల్లుట వినోదమా, అపహాస్యమా?

మేము ఆటను ద్వేషించువారము కాము. గోల్ఫు పుట్టినచోటు చూచినచో అది కంచెలోపల పుట్టిన ఆట కాదు. స్కాట్లండు దేశపు సముద్రతీరమున ఊరుమ్మడి తిన్నెలమీద, గొఱ్ఱెలు మేసిన గడ్డిమీద, ఆకాశము కురిసిన వాననీటితో పెరిగిన ఆట యది. సెంట్ ఆండ్రూస్ నందలి ప్రాచీన మైదానము నేటికిని ప్రజలసొత్తే. ఆదివారమున ఆట నాపి ఊరివారు అందు స్వేచ్ఛగా విహరింతురు. ఆ దేశముననే, అబర్డీను సమీపమున, డొనాల్డు ట్రంపు గారి విలాస మైదానముయొక్క కథ వేఱు. 2008లో ప్రభుత్వము అనుమతి నిచ్చినది. వేలకొలది ఉద్యోగములు వచ్చునని చెప్పిరి. 2012లో ఆట మొదలైనది. ఉద్యోగములు ఆ వాగ్దానపు దరిదాపులకైనను రాలేదు. గాలికి కదలాడుచు సహజముగా జీవించిన ఇసుకతిన్నెలు గడ్డిక్రింద బిగిసిపోయినవి. 2020లో ఆ దేశపు ప్రకృతిసంరక్షణసంస్థ అచట రక్షింపదగిన విశేషము మిగులలేదని చెప్పి ఆ భాగమునకు గల ప్రత్యేకరక్షణను తొలగించెను. ఆట ఒక్కటే, ఒకచోట ఊరు ఆటకు చోటిచ్చినది, మఱియొకచోట ఆట చోటునే మ్రింగినది.

ఇంతదాక రాగానే ప్రతిపక్షులు ఒక ప్రశ్న వేయుదురు: "మీ పల్లెలవారు పనిలేక గుజరాతునకు వలసపోవుట లేదా? వారికి ఊరనే పని దొరకుట మీకిష్టము లేదా?" ఈ ప్రశ్న నిర్లక్ష్యము చేయదగినది కాదు. వలస నిజము. 2018లో వేరావలు పడవలపై పనిచేయుచు పాకిస్తానుకు చిక్కి, 2020 జనవరి 6న వాఘాసరిహద్దున విడుదలైన ఇరువదిమంది ఆంధ్ర మత్స్యకారులలో పెక్కుమంది ఈ రెండుజిల్లాలవారే. కాని వారు పోయినది ఒడ్డున గడ్డిమైదానము లేకపోవుటచే కాదు. పడవలు నిలుపు రేవులు, చేపను నిలువయుంచు మంచుగదులు, దళారి చేతిలో పడకుండ అమ్ముకొను అంగడి చాలకపోవుటచే పోయిరి. రోగమొకటి, మందొకటి యైనచో రోగి బ్రదుకునా? విహారశాల యిచ్చు పనియు ఎట్టిదో చూడుడు. లెక్కలు చూచువాడు, అతిథులతో ఆంగ్లమున మాటాడువాడు పట్టణమునుండి వచ్చును. తన పడవకు తాను యజమానియైనవాడు కావలికాయును. తన గంపకు తాను యజమానురాలైన స్త్రీ పరులగదులు తుడుచును. దీనికి ఉపాధియని పేరు. మేము దీనిని స్వాతంత్ర్యనష్టమందుము.

"చట్టము కాపాడదా?" అని కొందఱడుగుదురు. 1991నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన విహారశాలలకు నియమములు పెట్టినది: ఇసుకతిన్నెలను చదును చేయరాదు, పోటునీటి గట్టునుండి 200 మీటర్లలోపల భూగర్భజలము తోడరాదు, రెండు విహారశాలల నడుమ ప్రజలు ఒడ్డునకు పోవుటకు 20 మీటర్ల సందు విడువవలెను. మంచి నియమములే. కాని 2019నాటి ప్రకటన జనసాంద్రత హెచ్చుగా గల గ్రామీణతీరమున నిర్మాణనిషిద్ధభాగమును 200 మీటర్లనుండి 50 మీటర్లకు కుదించినది. 2006లో అడవిబిడ్డలకు అటవీహక్కుల చట్టము వచ్చినది. కడలిబిడ్డలకు అట్టి చట్టము నేటికిని లేదు. ఇక చట్టము కదలు వేగమో! కేరళయందు వేంబనాటి దీవిలో నియమము మీఱి కట్టిన విహారశాలపై గుంజలు పాతి వలలుకట్టు మత్స్యకారులు మొఱపెట్టుకొనిరి. కూల్చుడని ఉన్నతన్యాయస్థానము 2013లో ఆజ్ఞాపించెను. సర్వోన్నతన్యాయస్థానము 2020లో దానిని స్థిరపఱచెను. కూల్చివేత 2022లోగాని మొదలుకాలేదు. భవనము పడగొట్టవచ్చును, చెదరిన వృత్తిని ఎవరు మరల నిలుపగలరు?

కావున కట్టకముందే మేలుకొనవలెను. మొదట, తీరపటములలో పడవలు నిలుపు చోటు, వలలాగు చోటు, చేపలెండు చోటు పేరుపేరున గుర్తింపబడవలెను. పటములో లేని హక్కు రేపు న్యాయస్థానమున నిలువదు. రెండవది, గ్రామసభ కచేరిలో కాక ఆ యిసుకమీదనే, వేటకుపోయినవారు తిరిగివచ్చిన వేళయందు, తెలుగున జరుగవలెను. మూడవది, అడిగినవానికి అడిగినంత భూమి యీయరాదు. భోగాపురమున మొదట పదివేల ఎకరములకు పైబడిన మాట వినబడెను. రైతులు ఎదిరించిన పిమ్మట అది 2,700 ఎకరములకును, మఱికొంతకాలమునకు 2,200 ఎకరములకును దిగెను. మొదటి యడుగుటలో అవసరమెంతో, ఆశ యెంతో ఈ లెక్కయే చెప్పుచున్నది. నాల్గవది, చూడవచ్చినవారికి ఆతిథ్యమిచ్చు పని ఊరి సహకారసంఘముల చేతిలో నుండవలెను. లాభము ఊరనే నిలువవలెను.

చదువుకొన్న మనవారికి తుదిగా ఒక్కమాట. బీలకొఱకు ప్రాణములిచ్చినవారు పుస్తకములు చదివి ఆ పని చేయలేదు. నేల చేయు పని వారు ఎఱుగుదురు గనుక చేసిరి. దస్త్రములు వ్రాయువారును, వార్తలు ప్రకటించువారును, పట్టణమున కూర్చుండి 'ఖాళీ స్థలము' అని నోరుజాఱువారును మనమే. ఆ మాట మన కలమునుండి వెలువడకుండ చూచుకొనుట మన మొదటిధర్మము. సముద్రతీరము ఖాళీగా లేదు. అది పనిలో నున్నది.