ముప్పై డాలర్ల పద్దు

అమెరికాలో పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ సాయంతో నర్సింగ్ హోమ్‌లో ఉండే వృద్ధురాలి పింఛను దాదాపు అంతా ఆ హోమ్ ఖర్చుకే పోతుంది. చేతిఖర్చుకు ఆమె దగ్గర నెలకు కనీసం 30 డాలర్లు మిగల్చాలన్నది ఫెడరల్ చట్టం. 1988 నుంచీ ఆ కనీసం పెరగలేదు. చాలా రాష్ట్రాలు మాత్రం సొంతంగా కొంత పెంచాయి. జుట్టు కత్తిరించుకోవాలన్నా, మనవడికి పుట్టినరోజు కానుక పంపాలన్నా అందులోంచే.

చాలామంది ఆ సొమ్మును హోమ్ దగ్గరే దాచుకుంటారు. దాన్ని హోమ్ సొంత ఖాతాలో కలపకూడదు. మెడికెయిడ్ వారి నిల్వ 50 డాలర్లు దాటితే వడ్డీ వచ్చే ఖాతాలో వేయాలి. అందరి డబ్బూ ఒకే ఖాతాలో ఉన్నా ఎవరి వాటా వారి పేరిట విడిగా రాయాలి, మూడు నెలలకోసారి లెక్క చూపాలి. చాలా రాష్ట్రాల్లో ఒంటరి వ్యక్తి పొదుపు 2,000 డాలర్లు దాటితే మెడికెయిడ్ సాయమే పోవచ్చు. అందుకే నిల్వ ఆ హద్దుకు 200 డాలర్ల దూరంలోకి రాగానే హెచ్చరించాలి. మనిషి పోతే, మిగిలిన సొమ్మును 30 రోజుల్లో వారి ఆస్తి వ్యవహారాలు చూసేవారికి లెక్కతో సహా అప్పగించాలి.

ఈ నిబంధనలు ఎవరైనా చదవొచ్చు. వాటి ప్రకారం లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కువగా కంపెనీల గుప్పిట్లోనే ఉంది. వడ్డీ పంపకంలో పొరపాటు జరిగితే వృద్ధురాలి కూతురు అడగగలదు గానీ లెక్క ఎక్కడ తప్పిందో చూడలేదు. నర్సింగ్ హోమ్‌ల్లో పదిమందిలో ఆరుగురి ఖర్చు భరిస్తున్నది మెడికెయిడ్, అంటే ప్రజాధనం. అలాంటప్పుడు ఆ ప్రోగ్రాము కోడ్‌ను ప్రజలు చూడగలగాలి. తెరవమంటున్నది కోడ్‌నే, వృద్ధుల ఖాతాలు గోప్యంగానే ఉండాలి.

ఇది జరగని పని కాదు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల కోసం ప్రభుత్వమే రాయించిన విస్టా సాఫ్ట్‌వేర్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి కోసం మొదలైన బహ్మ్నీ సాఫ్ట్‌వేర్ రోగుల రికార్డులకు ఓపెన్ఎంఆర్ఎస్‌ను, బిల్లులకు ఒడూను కలిపి వాడుకుంది. రెండూ ఓపెన్ సోర్స్‌వే, అంటే వాటి కోడ్ ఎవరైనా చూడొచ్చు. ముంబైలో పుట్టిన మరో ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఈఆర్పీనెక్స్ట్‌లో జమాఖర్చుల పునాది సిద్ధంగానే ఉంది.

కష్టం రాయడంలో కంటే నిలబెట్టడంలో ఉంది. 2019 అక్టోబరు 1న, వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నర్సింగ్ హోమ్‌లకు చెల్లించే పద్ధతే మారిపోయింది. అలాంటి మార్పు వచ్చినప్పుడల్లా ఖాళీ వేళల్లో పనిచేసే స్వచ్ఛంద ప్రోగ్రామర్ల మీద భారం వేయడం అన్యాయం. నిబంధన మార్చే ప్రభుత్వమే దానికి తగిన కోడ్‌నూ, పరీక్షించుకునే నమూనా లెక్కలనూ విడుదల చేయాలి.

తెలుగు రాష్ట్రాలకూ ఇది పట్టే విషయమే. పిల్లలు డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండి, తల్లిదండ్రులు ఇక్కడ వృద్ధాశ్రమాల్లో గడిపే కుటుంబాలు ఎన్నో. ధార్మిక సంస్థగా నమోదైన ఆశ్రమం బస, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి మనిషికి నెలకు 25,000 రూపాయల వరకు తీసుకుంటే జీఎస్టీ ఉండదు. ఈ హద్దు, డిపాజిట్టు, మందుల ఖర్చు ఒకేచోట కనిపించే ఉమ్మడి ప్రోగ్రాము ఉంటే చిన్న ఆశ్రమాలకు ఎంతో ఊరట. మొదట ఒక్కో నివాసి పద్దు, మూడు నెలలకోసారి పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చయ్యే లెక్క కాగితం తయారైతే చాలు. జీతాలు, సరుకుల లెక్కలు తర్వాత చేర్చుకోవచ్చు.